బయటి సైరన్ మూలుగుతోంది, కరెంటు పోతే ప్యానెల్ కూడా ఆరిపోతోంది (హన్మకొండ)

ములుగురోడ్డు
అన్నలూ, జర సాయం కావాలి. మాది హన్మకొండలో ములుగు రోడ్డు వైపు కాలనీ, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. మా బావమరిది ఇల్లు మారుతూ తన పాత అలారం ప్యానెల్ నాకు ఇచ్చేశాడు. దాన్ని మెట్ల కింద గూట్లో బిగించాను. లోపల 12 ఓల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంది, తలుపులకు మూడు మ్యాగ్నెట్లు, హాల్లో రెండు మోషన్ సెన్సార్లు, ఒక చిన్న లోపలి సైరన్. ఇంతవరకు అంతా బాగానే ఉంది.

బయటి సైరన్ నేనే కొన్నాను. వెనకాల 12 ఓల్టులు, 15 వాట్లు అని రాసి ఉంది. పైన నీళ్ల ట్యాంకు దిమ్మె గోడకు కొట్టాను. వైరు కోసం మళ్లీ బజారుకు పోవడం ఎందుకని ఇంట్లో మిగిలిన నెట్ కేబులే గుంజాను, అందులో నీలం జత ఒక్కటే వాడాను. పొడవు సుమారు 26 మీటర్లు. ప్యానెల్ మీద సైరన్ అని ఉన్న రెండు స్క్రూలకే లోపలిదీ బయటిదీ రెండూ బిగించాను.

ఇప్పుడు మోగుతుంది కానీ జలుబు చేసిన మేక అరిచినట్టు ఉంటుంది. అదే సైరన్‌ను కిందికి తెచ్చి బ్యాటరీకి నేరుగా ముట్టిస్తే చెవులు పగిలాయి, అంటే సైరన్ మంచిదే. ఇంకో కిరికిరి ఏందంటే, మెయిన్ ఆపి టెస్ట్ చేస్తే రెండు సెకన్లు మోగి ప్యానెల్ మొత్తం ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. సద్దుల బతుకమ్మ రోజు అత్తగారింటికి నర్సంపేట వైపు పోవాలి, ఐదు రోజులు ఇంటికి తాళం. పదకొండు రోజులే టైముంది, టెన్షన్‌గా ఉంది.

కొత్తవాడ
ఇంత ఆలోచన ఎందుకు భాయ్. కెమెరాలకు వాడే 12 ఓల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి తెచ్చి పైన ట్యాంకు దగ్గరే ప్లగ్గులో పెట్టు, ప్యానెల్ నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) ఒకటి ఇవ్వు, అయిపోయింది. మా మగ్గాల షెడ్డుకు అట్లనే పెట్టుకున్న, రెండేళ్లయింది.

రామగుండం_రిటైర్డ్
ఏదీ కొనకండి, ఏదీ మార్చకండి. ముందు మీటరు పట్టుకోండి. ముప్పై ఏళ్లు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేశాను, కొలవకముందే సామాను మార్చినవాడు రెండుసార్లు మారుస్తాడు.

సైరన్ మోగుతున్నప్పుడు ప్యానెల్ స్క్రూల దగ్గర ఎన్ని ఓల్టులు వస్తున్నాయి, పైన సైరన్ వైర్ల దగ్గర ఎన్ని వస్తున్నాయి, రెండూ చూడండి. మోగనప్పుడు కొలిచిన లెక్క పనికిరాదు, కరెంటు పారకపోతే వైరులో ఓల్టేజీ పడిపోదు కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇక్కడే అందరూ మోసపోతారు. చెవుల్లో దూది పెట్టుకోండి, నిచ్చెన మీద ఉలిక్కిపడితే ప్రమాదం.

ములుగురోడ్డు
చూశాను సార్. మా ఆవిడ కింద కీప్యాడ్ దగ్గర నిలబడి నొక్కింది, నేను పైన. పైన సైరన్‌ను వైరు నుంచి విప్పేసి నొక్కితే కిందా పైనా రెండు చోట్లా 13.6. మోగుతున్నప్పుడు కింద 13.2, పైన 8.8! పక్కింటి అత్తమ్మ పిట్టగోడ మీద నుంచి తొంగి చూసి ఏమైంది బిడ్డా అని అడిగింది, ఆమెకు అంతా చెప్పేసరికి పావుగంట పట్టింది.

రామగుండం_రిటైర్డ్
దొంగ దొరికాడు. 4.4 ఓల్టులు దారిలోనే పోతున్నాయి.

నెట్ కేబుల్‌లో ఒక్కో తీగ అర మిల్లీమీటరు మందం ఉంటుంది. అసలు రాగి అయితే అది వంద మీటర్లకు దాదాపు 8.4 ఓమ్‌లు. మీ వైరు 26 మీటర్లు అంటే కరెంటుకు 52 మీటర్లు, పోవాలి, తిరిగి రావాలి కదా. అంటే 4.4 ఓమ్‌లు. ఒక ఆంపియర్ పారితే 4.4 ఓల్టులు ఖతం. మీ మీటరు చెప్పింది అచ్చంగా అదే.

ఇంటి వైరింగ్‌కు వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వంద మీటర్లకు 1.2 ఓమ్‌ల లెక్కన పడుతుంది. అది వేస్తే మీ దూరానికి ముప్పావు ఓల్టు లోపే పోతుంది. ఒక చదరపు మిల్లీమీటరైనా నడుస్తుంది, ఓల్టుకు కొంచెం పైన పోతుంది. ధరలో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఒకటిన్నరే వేయండి.

మంచిర్యాల_ఈసీఈ
ఇవాళే పని నడవాలంటే ఒక చిట్కా ఉంది అన్నా. ఆ కేబుల్‌లో మిగతా మూడు జతలు ఖాళీగానే ఉన్నాయి కదా. నిండు రంగు తీగలు నాలుగూ కలిపి మెలేసి ప్లస్, తెలుపు గీతలున్న నాలుగూ కలిపి మైనస్ చెయ్యి, రెండు చివరలా అలాగే. 4.4 ఓమ్‌లు 1.1కి దిగుతుంది, వెంటనే గొంతు మారుతుంది.

కానీ ఒక తీగను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనబడితే అది పైన రాగి పూత పూసిన అల్యూమినియం, బజారులో చవక రకం అంతా అదే. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది, రెండుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. నీ కొలత చూస్తే నీది అసలు రాగే.

కరీంనగర్_వైరింగ్
అలారాలు, కెమెరాలు బిగించడమే నా పని, అందుకే చెప్తున్న. వైరు సంగతి పెద్దాయన తేల్చేశాడు, కానీ మెయిన్ ఆపితే ప్యానెల్ ఆరిపోవడానికి వైరుకు సంబంధం లేదు. అది బ్యాటరీ. మీ బావమరిది ఇచ్చిన ప్యానెల్‌లో బ్యాటరీ ఎప్పటిది? దాని మీద తేదీ చూడండి.

బండి హెడ్‌లైట్ పాత బల్బు ఒకటి ఉంటే చాలు, 12 ఓల్టుల 35 వాట్లది, మెకానిక్ షెడ్డులో ఊరికే ఇస్తారు. ప్యానెల్ నుంచి బ్యాటరీ విప్పి, దానికి ఆ బల్బు తగిలించి, మీటరు పెట్టి రెండు నిమిషాలు చూడండి. బల్బు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. మంచి బ్యాటరీ 12 పైనే నిలబడుతుంది. చచ్చిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.7 చూపించి, బల్బు పెట్టగానే కూలబడుతుంది. బల్బు గాజు పట్టుకోకండి, కాలుతుంది.

ఇంకో ముచ్చట, రెండు సైరన్లు ఒకే స్క్రూలకు బిగించారు కదా, ప్యానెల్ మూత లోపల ఆ అవుట్‌పుట్ ఎన్ని ఆంపియర్లకో రాసి ఉంటుంది. చూసి చెప్పండి.

ములుగురోడ్డు
బల్బు టెస్ట్ చేశాను. ఖాళీగా 12.7. బల్బు పెట్టిన అర నిమిషానికి 9.3కి వచ్చింది, కాంతి పసుప్పచ్చగా మారి దీపం ఒత్తిలా అయింది. పైన స్టిక్కర్ చూస్తే మూడేళ్ల కిందటిది. వైపులా కొంచెం ఉబ్బింది కూడా, ఇన్నాళ్లు పెట్టెలో ఉండి చూడనేలేదు.

ప్యానెల్ మూత మీద సైరన్ అవుట్‌పుట్ 1 ఆంపియర్ అని ఉంది. బయటిది పూర్తిగా మోగితే 1.2 దాకా లాగుతుంది, లోపలిది ఇంకో 0.3. అంటే సన్న వైరు ఉండబట్టే ప్యానెల్ ఇన్నాళ్లు బతికిందా? మంచి వైరు వేస్తే దాని మీద బరువు ఇంకా పెరుగుతుందన్న మాట!

కరీంనగర్_వైరింగ్
సరిగ్గా పట్టుకున్నారు. మంచి వైరు వేయగానే ఫ్యూజు పోయిన ఇళ్లు నేను చూశాను, ఇగ ఫోన్ మీద ఫోన్ వస్తుంది, బాగు చేయించుకుంటే చెడిపోయిందని లొల్లి. అందుకే ప్యానెల్‌తో ఒక రిలేను మాత్రమే నడిపించి, బయటి సైరన్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీ ఇవాళే తీసేయండి, ఇంట్లో ఉంచకండి, కొత్తది కొనేటప్పుడు షాపులో ఇస్తే పాతదానికి కొంత తగ్గిస్తారు.

కొత్తవాడ
అందుకే అడాప్టర్ అన్న. ప్యానెల్ మీద బరువే పడదు. కరెంటు పోతే అంటారా, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అడాప్టర్ ఇన్వర్టర్ లైన్ మీదే ఉంది.

రామగుండం_రిటైర్డ్
ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే సగం ఒప్పుకుంటాను. కానీ ఇన్వర్టర్ లేని ఇళ్లలో అది దండగ. మన ఇళ్లకు మీటరు పెట్టె ఎక్కడుంటుంది? గేటు పక్కన, వీధిలోకి. దొంగకు మెయిన్ దించడం ఎంత పని? సైరన్‌కు తిండి పెట్టేది బ్యాటరీ కావాలి. ఇన్వర్టర్ ఉన్నా ఫ్రిజ్ తగిలించి ట్రిప్ చేసుకునేవాళ్లు, డిస్టిల్డ్ వాటర్ ఏడాది పాటు పోయనివాళ్లు ఎంతమంది లేరు? అడాప్టర్‌నే బ్యాటరీకి కట్టి చార్జ్ చేద్దామని కూడా కొందరు చూస్తారు. 12 ఓల్టులతో అది నిండదు, 13.5 నుంచి 13.8 దాకా కావాలి, ఆ పని ప్యానెల్ ఎలాగూ చేస్తోంది.

కొత్తవాడ
సరే సార్, మా ఇన్వర్టర్‌లో నీళ్లు పోయక ఎంతకాలమైందో నాకే గుర్తులేదు. రేపు చూస్తా.

జగిత్యాల_టీచర్
సొంత బ్యాటరీ ఉన్న సైరన్లు కూడా వస్తాయి కదా, వాటి గురించి ఎవరూ చెప్పలేదేంటి? మా ఇంట్లో అదే. ప్యానెల్ నుంచి ఎప్పుడూ 13 ఓల్టుల పైన వస్తూనే ఉంటుంది, అది ఆగిపోతే సైరన్ తన బ్యాటరీతో తానే మోగుతుంది. వైరు కోసినా మోగుతుంది, పెట్టె మూత విప్పినా మోగుతుంది. అందుకే మంచిదని పెట్టించుకున్నాం.

ఇక మా కథ వినండి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు అందరం పోయాం. ఇక్కడ మా లైన్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలి చాలాసేపు కరెంటు లేదు. ప్యానెల్ బ్యాటరీ పాతది, అది ఒట్టిపోగానే సైరన్‌కు వైరు కోసినట్టే అనిపించి మొదలుపెట్టింది. మేం జంపన్న వాగు దగ్గర ఉన్నాం, ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. పక్కింటాయన నిచ్చెన వేసుకుని ఎక్కి దాని మీద తడి గోనెసంచి కప్పాడట. వచ్చాక చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంతసేపు మోగి ఆగాలో దాంట్లో ఒక స్విచ్ ఉంటుందని అప్పుడు తెలిసింది. మాకు బిగించినవాళ్లు దాన్ని ముట్టుకోనేలేదు.

దాని లోపలి బ్యాటరీ కూడా పడమటి గోడకు ఉంటే ఎండకు ఉడికిపోతుంది. మా జగిత్యాల ఎండలు తెలుసు కదా. మాది ఏడాదిన్నరకే పోయింది, ఇప్పుడు ఉత్తరం వైపు సజ్జ కిందికి మార్చాం.

రామగుండం_రిటైర్డ్
మేడమ్ చెప్పింది నిజం. ఈ రకం బ్యాటరీలకు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగం అవుతుందని లెక్క. ములుగురోడ్డు గారి బ్యాటరీ మూడేళ్లు వచ్చిందంటే అదృష్టమే.

ములుగురోడ్డు
కొత్త బ్యాటరీ, ఒకటిన్నర వైరు, రిలే కొంటాను. రిలే ఎలా కలపాలో కొంచెం వివరంగా చెప్పండి అన్నా, బొమ్మలు చూస్తే అర్థం కావట్లేదు. సొంత బ్యాటరీ సైరన్ ఈసారికి వద్దు, జగిత్యాల మేడమ్ కథ విన్నాక మా ఆవిడే వద్దంది.

కరీంనగర్_వైరింగ్
రాసుకోండి. 12 ఓల్టుల కాయిల్ ఉన్న రిలే తీసుకోండి, కాంటాక్టు 5 ఆంపియర్లు పైన ఉంటే సరిపోతుంది. ప్యానెల్ సైరన్ స్క్రూలు రెండూ రిలే కాయిల్‌కు మాత్రమే పోవాలి, లోపలి చిన్న సైరన్ కూడా అక్కడే ఉండనివ్వండి, 0.3 ఆంపియర్లే కదా. కాయిల్ రెండు కాళ్ల మీద 1ఎన్4007 డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) ఒకటి వేయండి, దాని మీద తెల్ల గీత ఉన్న చివర ప్లస్ వైపు. రిలే ఆగేటప్పుడు కాయిల్ ఎదురు ఓల్టేజీ కొడుతుంది, డయోడు లేకపోతే ఆ దెబ్బ ప్యానెల్ లోపలి ట్రాన్సిస్టర్‌కు తగులుతుంది. గీత తిప్పి పెడితే మాత్రం సైరన్ మోగాల్సిన క్షణంలో షార్ట్ అవుతుంది, రెండుసార్లు చూసుకోండి.

ఇప్పుడు అసలు కరెంటు. బ్యాటరీ ప్లస్ నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు, ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అక్కడి నుంచి రిలే కామన్‌కు, రిలే ఎన్‌ఓ కాలు (కాయిల్‌కు కరెంటు వచ్చినప్పుడే కామన్‌తో కలిసేది) నుంచి పైన సైరన్ ప్లస్‌కు. సైరన్ మైనస్ నేరుగా బ్యాటరీ మైనస్‌కు. ఫ్యూజు లేకుండా ఎవరూ చేయకండి. ఇంత చిన్న బ్యాటరీ అయినా షార్ట్ అయితే పదుల ఆంపియర్లు ఇస్తుంది, వైరు ఎర్రబడి పైపులోనే కాలుతుంది.

ఒక చోట అందరూ పొరబడతారు. చాలా ప్యానెళ్లలో సైరన్ ప్లస్ స్క్రూలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ప్యానెల్ తెరిచి మూసేది మైనస్‌ను. సైరన్ మైనస్, బ్యాటరీ మైనస్ ఒకటే కదా అని ఆ స్క్రూను బ్యాటరీకి కలిపారంటే సైరన్ ఇక ఆగదు. ఆ రెండు స్క్రూలను కాయిల్‌కు, లోపలి సైరన్‌కు, డయోడుకు తప్ప దేనికీ కలపకండి.

మంచిర్యాల_ఈసీఈ
సైరన్ అని అడిగితే కొన్ని షాపుల్లో ఒట్టి హార్న్ స్పీకర్ చేతిలో పెడతారు, 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. అది లోపల సర్క్యూట్ లేని స్పీకర్. దానికి బ్యాటరీ పెడితే టక్ మని ఒక్కసారి కొట్టి కాలిపోతుంది. 12 ఓల్టులు డీసీ అని రాసి ఉందో లేదో చూసి కొనాలి. ములుగురోడ్డు అన్నది సరైనదే, కొత్తగా కొనేవాళ్ల కోసం చెప్తున్న.

ములుగురోడ్డు
కొత్త బ్యాటరీ, రిలే అన్నీ బిగించాను. రిలే పెట్టాక కీప్యాడ్‌లో సైరన్ ట్రబుల్ అని పసుపు లైటు వస్తోంది. లోపలి సైరన్ ఇంకా కలపలేదు. పని మాత్రం చేస్తోంది.

కరీంనగర్_వైరింగ్
సైరన్ వైరు ఎవరైనా కోశారా అని ప్యానెల్ ఎప్పుడూ చిన్న కరెంటు పంపి చూసుకుంటుంది. మాన్యువల్‌లో ఒక రెసిస్టర్ విలువ ఉంటుంది, కొన్నిటికి 1 కిలో ఓమ్, కొన్నిటికి 2.2. అది ఆ రెండు స్క్రూల మధ్య వేయండి, లైటు పోతుంది. ఒక సంగతి మనసులో పెట్టుకోండి, ఇప్పుడు ప్యానెల్ చూస్తున్నది రిలే దాకానే. రిలే తర్వాత పైకి పోయే వైరు తెగినా దానికి తెలియదు. నెలకోసారి మోగించి చూసుకోవాల్సిందే.

కొత్తవాడ
వైరు ఎట్ల తీసుకుపోతున్నవ్ భాయ్? బయట నుంచా? కోతుల సంగతి ఆలోచించినవా?

ములుగురోడ్డు
కోతులు! అసలు మర్చిపోయాను. మా వీధిలో పొద్దున్న ఏడింటికి దండు దిగుతుంది, డిష్ వైరు రెండుసార్లు తెంపాయి. ఎలక్ట్రీషియన్ అయితే గీజర్ వైరు పోయే పైపులోనే దూర్చేద్దాం, గోడలోనే ఉంటుంది, కోతికి దొరకదు అంటున్నాడు.

రామగుండం_రిటైర్డ్
వద్దు. 230 ఓల్టుల ఫేజు ఉన్న పైపులో 12 ఓల్టుల వైరు వేయకూడదు. ఎప్పుడైనా గీజర్ వైరు తోలు వేడికి కరిగితే 230 నేరుగా మీ ప్యానెల్లోకి, కీప్యాడ్ మీద వేలు పెట్టినవాళ్ల దాకా వస్తుంది. వేరే పైపు వేయండి.

కొత్తవాడ
ఇది మాత్రం నా మాట విను. పీవీసీ పైపు పట్టుకుని కోతి ఊగుతుంది, క్లాంపులు ఊడి వస్తాయి. గోడ బయట ఉన్నంత మేర జీఐ (ఇనుప) పైపు వెయ్యి, రెండడుగులకో క్లాంపు, గిట్టీలు పెద్దవి కొట్టు. పైపులోంచి సైరన్‌లోకి పోయే దగ్గర జానెడు వైరు బయటికి వేలాడుతుంటుంది చూడు, కోతి సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. సైరన్ వెనకాల గోడకు రంధ్రం పెట్టి వైరు అటు నుంచే లోపలికి తియ్యి. రంధ్రం బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వానకు నీళ్లు పైపు వెంట ఇంట్లోకి నడిచి వస్తాయి.

కందిరీగల సంగతి కూడా. మా షెడ్డు సైరన్ ఒకసారి మూగబోతే విప్పి చూశాను, హార్న్ నోట్లో మట్టిగూడు కట్టేశాయి. అప్పటినుంచి మూతికి దోమల జాలి కట్టిన.

జగిత్యాల_టీచర్
సైరన్ ఎంతసేపు మోగేలా పెట్టారు? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల దగ్గర 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. మీ సైరన్ మీటరు దూరంలో 110 పైనే ఉంటుంది. దొంగ వస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ పిల్లి కదిలిందని తెల్లవారేదాకా మోగితే పోలీసులకు ఫోన్ చేసేది పక్కింటివాళ్లే.

కరీంనగర్_వైరింగ్
మూడు నుంచి ఐదు నిమిషాలు పెట్టండి, చాలు. ఐదు నిమిషాలకు సైరన్ తినేది 0.1 ఏహెచ్ మాత్రమే. బ్యాటరీని నిజంగా తినేవి రాత్రింబగళ్లు నడిచే సెన్సార్లు, కీప్యాడ్. అవి 150 మిల్లీఆంపియర్లు లాగినా గంటకు 0.15 చొప్పున, కొత్త 7 ఏహెచ్ అయితే ఒక రోజు నిశ్చింతగా గడుస్తుంది.

ములుగురోడ్డు
పని అయిపోయింది. జీఐ పైపు వేయించాను, ఒకటిన్నర వైరు. రెసిస్టర్ 1 కిలో ఓమ్ పెడితే పసుపు లైటు పోయింది, లోపలి సైరన్ మళ్లీ కలిపాను. సైరన్‌ను ట్యాంకు దిమ్మె నుంచి తీసి ఉత్తరం వైపు సజ్జ కిందికి దించాను. పైపు చుట్టు తిరిగి రావడంతో వైరు పొడవు అంతే పట్టింది.

ఇవాళ మధ్యాహ్నం మెయిన్ ఆపి టెస్ట్. మోగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.4, సైరన్ దగ్గర 11.7. ప్యానెల్ ఆరలేదు, రీస్టార్ట్ కాలేదు. ఐదు నిమిషాలు నిండాక తానే ఆగింది. మొదటి సెకన్‌లోనే చింతచెట్టు మీది కోతులు గంపగుత్తగా దిగి అవతలి వీధికి పరుగెత్తాయి. పక్కింటి అత్తమ్మకు ముందే చెప్పాను, అయినా ఆమె చేతిలో తంగేడు పూల పళ్లెం జారి కింద పడిందట, పూలన్నీ ఏరి ఇచ్చి వచ్చాను. మేం లేనప్పుడు మోగితే 112కు చేయమని చెప్పి నా నంబర్ కూడా ఇచ్చాను.

కొత్తవాడ
ఆ కోతులను వెళ్లగొట్టడానికి పొద్దున్న ఏడింటికి ఒక బటన్ పెట్టించు.

ములుగురోడ్డు
మా ఆవిడ కూడా అదే అంది. జాలి ఇంకా కట్టలేదు అన్నా, రేపు కడతా.